ఐదో టేబుల్ దగ్గరి మనిషి

ఆ సినిమా పేరు చెప్పినా మీకు తెలియదు. తీసినవాళ్ళే ఈపాటికి మర్చిపోయి ఉంటారు. లండన్‌లో ఒక నైట్‌క్లబ్బు. అందులో మత్తుబిళ్ళలు అమ్ముకునే డానీ అనే కుర్రాడు. వాడికి ఆ బిళ్ళలు అందించే చైనావాళ్ళ ముఠా. అలాంటి ముఠాని ట్రయాడ్ అంటారట. దానికి తెల్లసూటు వేసుకున్న ఒక పెద్దాయన. డానీ సంచీ ఒకటి పోగొట్టుకుంటాడు, అందరూ అందరి మీదా అరుస్తారు, వాన పడుతుంది, అయిపోతుంది. పేపర్లవాళ్ళు ఐదు నక్షత్రాలకి ఒకటి ఇచ్చారు. అదీ మొహమాటానికే అయ్యుంటుంది.

అలాంటి సినిమాకి పోయిన నవంబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల ఆటకి, లండన్ శివార్లలోని క్రోయిడన్‌లో నలభై ఆరు టిక్కెట్లు ఒక్కసారిగా తెగాయి. హాలు మేనేజరు తన కంప్యూటరుకేదో రోగం వచ్చిందనుకున్నాడట. రోగం కంప్యూటరుకి కాదు, మన తెలుగు సంఘానికి. ఆ నలభై ఆరింట్లో ఒక టిక్కెట్టు కస్తూరిది. మిగతా నలభై ఐదూ ఆవిడ కోసమని జనం తీసుకున్నవి. అసలు కథ ఆవిడది.

కస్తూరిది ఒంగోలు. పెళ్ళై ముప్పై ఏళ్ళు, ఈ దేశం వచ్చి ఇరవై ఏడు. క్రోయిడన్‌లోనే ఒక జీపీ సర్జరీలో, అంటే మామూలు జబ్బులు చూసే పేట క్లినిక్‌లో, రిసెప్షన్ ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటికి ఫోన్లు మొదలవుతాయి. ఎనిమిదీ పదికల్లా ఈ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోయాయని చెప్పడం మొదలుపెట్టాలి. తిట్టేవాళ్ళు తిడతారు, ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు. పద్నాలుగేళ్ళుగా రెండూ వింటూ గొంతు పెంచకుండా, తగ్గించకుండా మాట్లాడటం ఆవిడకి అలవాటైపోయింది. డాక్టర్లకి కూడా ఆవిడంటే కాస్త భయమే. ఇంట్లో మాత్రం ఆ గొంతు వేరు. ఇంట్లోవాళ్ళకి ఆ మర్యాద దక్కలేదు పాపం.

ఇంట్లోవాళ్ళంటే ఎక్కువగా మొగుడే. గోవిందరాజులు. రీడింగ్ అనే ఊళ్ళో ఒక బీమా కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే కాంట్రాక్టరు. పొద్దున ఆరుంబావుకి ఇల్లు వదిలితే మళ్ళీ రాత్రి ఏడున్నరకి. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదస్తుడంటే, ట్రామ్ తలుపు కళ్ళముందే మూసుకుంటున్నా పరిగెత్తడు. ఇంకోటి వస్తుందిలే అంటాడు. ఆ నిదానం చూస్తే కస్తూరికి ఒళ్ళు మండేది.

అంతటి మెత్తని మనిషికీ ఒక్క దగ్గర మొండితనం ఉండేది. భోజనం దగ్గర. కస్తూరి పుట్టింట్లో మగవాళ్ళు తిని లేచాకే ఆడవాళ్ళు తినేవాళ్ళు. ఆవిడకి తెలిసిన పద్ధతి అదే. వేడివేడిగా వడ్డించి, "మీరు తినండి, నేను తర్వాత తింటాను" అనేది. ఆయన తినడు. కుడిచెయ్యి కంచం పక్కన బోర్లా పెట్టుకుని, వంటింటి గుమ్మం వైపు మెడ తిప్పి కూర్చుంటాడు. "నువ్వు కూర్చుంటే గానీ నేను తినను" అని పెళ్ళైన కొత్తలో చెప్పాడు. తర్వాత తర్వాత చెప్పడం కూడా మానేసి ఊరికే కూర్చునేవాడు. పులుసు చల్లారేది. దోసెలు సాగిపోయేవి. "మీరేమన్నా చంటిపిల్లాడా, పక్కన కూర్చుని తినిపించడానికి?" అని విసుక్కుంటూ, పైటకి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ కుర్చీ లాక్కునేది. ఆ కుర్చీ చప్పుడయ్యాకే ఆయన చెయ్యి కదిలేది. ముప్పై ఏళ్ళు రోజూ ఇదే తంతు. దాన్ని కస్తూరి ప్రేమనుకోలేదు. పని తెమలనివ్వని చాదస్తం అనుకుంది. రోజూ చూసేదాన్ని ఎవరైనా అలాగే అనుకుంటారు. అందులో ఆవిడ తప్పేం లేదు.

రెండేళ్ళ కిందట రీడింగ్ కాంట్రాక్టు ఆగిపోయింది. ఆయనకప్పుడు యాభై తొమ్మిది. కొత్త ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగేవాళ్ళంతా రిషిత ఈడువాళ్ళు. రిషిత వీళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఇక్కడే పుట్టింది, బేసింగ్‌స్టోక్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆరు నెలలు అలా తిరిగి తిరిగి, ఆయన ఒకరోజు ఎవరికీ చెప్పకుండా సినిమాలకి గుంపు మనుషుల్ని పంపే ఏజెన్సీలో ఫొటో ఇచ్చి వచ్చాడు. వీధిలో నడిచిపోయేవాళ్ళు, కోర్టులో వెనక బెంచీల్లో ఉండేవాళ్ళు, ఆస్పత్రిలో వరసగా కూర్చునేవాళ్ళు. డైలాగులుండవు. కూర్చోమంటే కూర్చోవాలి, లెమ్మంటే లేవాలి. నన్నడిగితే ఆయనకి అచ్చంగా సరిపోయే పని.

కస్తూరి నన్నడగలేదు. సంగతి తెలిసిన రోజున ఇంట్లో పెద్ద రభస చేసింది.

"ఆఫీసుకెళ్ళే మనిషి వేషాలెయ్యడమేందండీ? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"గుంపులో నన్నెవరు చూస్తారే" అని ఆయన నవ్వాడు.

"గుంపులో గోవిందా అంటే ఇదే కాబోలు" అంది కస్తూరి. అనేసి తన మాటకి తనే నవ్వుకుంది. ఆయన కూడా నవ్వాడు గానీ కాస్త ఆలస్యంగా నవ్వాడు. సంఘంలో ఎవరడిగినా మా ఆయన వర్క్ ఫ్రం హోం అని చెబుతూ వచ్చింది.

ఈ డానీ సినిమాకి ఆయన పనిచేసింది ఒక్కటంటే ఒక్కరోజు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. ఎప్పుడో మూతపడ్డ నైట్‌క్లబ్బట. పొద్దున ఏడింటికే కిటికీలకి నల్లగుడ్డలు కట్టి రాత్రి చేసేశారట. పైఅంతస్తులో చైనా హోటల్ సెట్టు వేశారట. ముఠా పెద్ద అక్కడే భోంచేస్తాడట. ఆయన వెనకాల ఐదో టేబుల్ దగ్గర తను. తనకి భార్యగా ఒక పంజాబీ ఆవిడ.

కస్తూరి మిక్సీ వేసింది. కొబ్బరిపచ్చడికి. ఆయన మిక్సీ ఆగేదాకా ఆగాడు. "అంతమందిలో డైరెక్టరు చేత తిట్లు తిన్నది నేనొక్కణ్ణే తెలుసా?" అన్నాడు. ఆవిడ మళ్ళీ మిక్సీ వేసింది. పచ్చడి అప్పటికే నలిగిపోయింది, అయినా వేసింది.

రెండోసారి మిక్సీ ఆగాక ఆయన కథ చెప్పలేదు. "ఎందుకు తిట్టాడో సినిమా వచ్చాక చూద్దువుగానీ. నీకైతే చూడంగానే తెలుస్తుంది" అన్నాడు.

"చూస్తాలెండి. ముందు కాళ్ళు కడుక్కు రండి."

ఫిబ్రవరిలో ఆయన పోయాడు. ట్రామ్‌లో, కూర్చున్నవాడు కూర్చున్నట్టే. చివరి స్టాపులో అందరూ దిగినా దిగకపోతే డ్రైవరు వచ్చి భుజం తట్టాడు. తర్వాతెప్పుడో ఆ డ్రైవరు ఇంటికి పరామర్శకొచ్చి, నిద్రపోతున్నారనుకున్నానండీ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కస్తూరి అతన్ని ఓదార్చి టీ ఇచ్చి పంపింది.

ఆవిడ మాత్రం ఏడవలేదు. సంగతంతా ఇక్కడే ఉంది. ఆ రోజు ఏడవలేదు, క్రెమటోరియంలో ఏడవలేదు, పెద్దకర్మ నాడు ఏడవలేదు. పదహారో రోజున సర్జరీకెళ్ళి ఎనిమిదింటికి ఫోనెత్తింది. గుండె రాయి అన్నవాళ్ళున్నారు. రాయేం కాదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుంది? ఉన్నట్టే ఉంటుంది, తాకితే మనది కానట్టుంటుంది. ఆవిడకి ఒళ్ళంతా అలా అయింది. కూరలో ఉప్పు తెలియదు, బయట చలి తెలియదు. ఒకసారి పెనం అంచు తగిలి వేలు బొబ్బెక్కితే, సాయంత్రం సర్జరీలో నర్సు చూసి చెప్పేదాకా తెలియలేదు. అన్నం తింటోందంటే తింటోంది. వంటింటి గట్టు దగ్గర నిలబడి, గిన్నెలోంచే. బల్ల దగ్గర కూర్చోవడం మానేసింది. "ఒక్కదానికి బల్లెందుకు" అనేది. తొమ్మిది నెలల్లో ఒక్కపూటైనా ఆ కుర్చీ లాగలేదు.

రిషితకి భయం పట్టుకుంది. ప్రతి శనివారం కారేసుకుని వచ్చేది. "అమ్మా, యూ నీడ్ టు క్రై. ఇట్స్ నాట్ హెల్దీ."

"ఏడవమంటే ఎట్టా ఏడుస్తారే? నాకూ ఏడవాలనే ఉంది. రావట్లా" అంది కస్తూరి ఒకసారి, ఉల్లిపాయలు తరుగుతూ. ఉల్లిపాయలకి కూడా రాలేదు.

అక్టోబరులో నాన్న ఈమెయిలు మూసేద్దామని తెరిచిన రిషితకి ఏజెన్సీ ఉత్తరం కనపడింది. ఫలానా సినిమా నవంబరులో విడుదలవుతోంది, పనిచేసినందుకు కృతజ్ఞతలు అని. ఫోన్ చేసి తల్లికి చదివి వినిపించింది.

"చూస్తానని చెప్పాను ఆయనతో" అంది కస్తూరి.

ఆవిడకి కావలసింది అదొక్కటే. ఐదో టేబుల్ దగ్గర ఆయన్ని ఒక్కసారి చూడాలి. ఎందుకు తిట్లు తిన్నాడో తెలియాలి. మిక్సీ హోరులో తను వినకుండా పోగొట్టుకున్నది అది. చూస్తే లోపల ఏదన్నా కదులుతుందేమో. చూశాక కూడా కదలకపోతే? ఇంక తనింతేనా? ఆ సంగతి తలుచుకుంటే కూడా భయం వెయ్యలేదు. అదే ఆవిడకి భయంగా ఉంది.

తల్లీకూతుళ్ళిద్దరూ చప్పుడు కాకుండా వెళ్ళి చూసొద్దామనుకున్నారు. రిషిత నోరు జారి చక్రితో అంది. చక్రిది కరీంనగర్, నలభై ఏళ్ళవాడు, తెలుగు సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, సామాన్లు మోసే డ్రైవరు, అన్నీ తనే. మంచివాడు. ఆ మంచితనం తట్టుకోవడానికి మాత్రం ఎదుటివాళ్ళకి ఓపికుండాలి.

"అక్కా, నువ్వు జర ఊకో. మన గోవిందన్న ఇంగ్లిష్ సిన్మాల చేసిండంటే మజాకా? మొత్తం క్రోయిడన్ కదలాలె!" అన్నాడు.

కదిలించాడు కూడా. అరగంటలో వాట్సాప్ గ్రూపులో పడింది. టిక్కెట్లు తీయించాడు. ఆట అయ్యాక బిర్యానీకి పక్కవీధిలో కమ్యూనిటీ హాలు మాట్లాడాడు. ఊరుకోలేక ఫ్లెక్సీ కూడా కొట్టించాడు. మధ్యలో గోవిందరాజులు ఫొటో. ఎడమపక్క గులాబీరంగులో "తొలి చిత్రం విడుదల సందర్భంగా హార్దిక శుభాకాంక్షలు". కుడిపక్క నల్లరంగులో "అశ్రునివాళి". రెండూ ఒకే మనిషికి, ఒకే గుడ్డమీద. దాన్ని కస్తూరికి పంపి "ఎట్లుంది అక్కా?" అని అడిగాడు. ఇంకెప్పుడైనా అయితే ఆవిడ వాణ్ణి దులిపేసేది. ఇప్పుడు చూసి, కోపం కోసం కాసేపు ఎదురుచూసి, "ఫొటో బాగుంది" అని రాసింది.

సంఘంలో అందరికంటే పెద్దావిడ కమలాబాయి, హైదరాబాద్ ఆవిడ. ఆవిడొక్కతే నెమ్మదిగా అడిగింది. "ఏడాది తిరగకముందే సిన్మా హాలుకు పోతవా బిడ్డా?"

"సినిమాకి కాదు ఆంటీ. ఆయన్ని చూడ్డానికి."

"గట్లయితే నేను గూడ వస్త" అంది కమలాబాయి.

మనవాళ్ళు సినిమాకి వెళ్ళడమంటే ఇంటిల్లిపాదీ వెళ్ళడం. నలభై ఆరుగురిలో పదిహేడుమంది పిల్లలు. ఒక చంటిది తోపుడుబండిలో నిద్రపోతోంది. తలుపు దగ్గర మేనేజరు ఈ ఊరేగింపుని చూసి నోరెళ్ళబెట్టాడు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు ఈ సినిమా చూడకూడదు, లోపలికి వదిలితే నా ఉద్యోగం పోతుంది అన్నాడు. టిక్కెట్టు మీద ఎర్రగుండ్రంలో అంకె కనపడలేదా అని అడిగితే, కనపడింది గానీ స్క్రీన్ నంబరనుకున్నా అన్నాడు చక్రి. ఇందులో మా అన్న నటించాడు సార్ అని ఇంగ్లీషులో బతిమాలాడు. "కంగ్రాచ్యులేషన్స్" అన్నాడు మేనేజరు, పక్కకి మాత్రం తొలగలేదు. చక్రి చేతిలో సంచీ నిండా రంగుకాగితం ముక్కలు. అవేంటని అడిగాడు. మనిషి తెరమీద కనపడగానే పైకి విసరడానికని చెబితే, ఆయనకి ఎంతకీ బుర్రకెక్కలేదు. చక్రి బిక్కమొహం వేసుకుని రెండు గుప్పెళ్ళు కోటు జేబులో కుక్కుకుని సంచీ అప్పగించాడు.

పిల్లల్ని తీసుకుని తల్లులు కమ్యూనిటీ హాలుకి వెళ్ళారు. ఇరవైమంది దాకా లోపల కూర్చున్నారు. కస్తూరికి ఒకపక్క రిషిత, ఇంకోపక్క కమలాబాయి. వెనక చక్రి, చెయ్యి జేబులో పెట్టుకుని సిద్ధంగా.

సినిమా మొదలైంది. అయ్యో, ఏం సినిమా అది! క్లబ్బులో ఎప్పుడు చూపించినా అవే ఎనిమిది మొహాలు ఎగురుతుంటాయి. డానీ ప్రతి పది నిమిషాలకీ మరుగుదొడ్లోకి వెళ్ళి అద్దంలో తనని తాను తిట్టుకుంటాడు. భయంకరమైన ట్రయాడ్ అని చెప్పి ముగ్గురు మనుషుల్ని, ఒక నల్లకారుని చూపించారు. ఆ కారు అదే సందులోంచి మూడుసార్లు వచ్చింది. అందరూ కాచుక్కూర్చున్న కొట్లాట వచ్చేసరికి తలుపు మూసుకుంది. లోపల్నుంచి చప్పుళ్ళు వినిపించారు. తలుపు తెరుచుకునేసరికి అందరూ కింద పడున్నారు. "గిదేం ఫైటింగ్ రా నాయనా" అన్నాడు చక్రి, గట్టిగానే.

గుంపు కనపడ్డప్పుడల్లా ఇరవై మెడలు ముందుకు సాగేవి. ఆయన ఉండేవాడు కాదు. మెడలు వెనక్కి వెళ్ళేవి. అరగంటకి ఒకాయన పిల్లల్ని చూసొస్తానని లేచాడు. ఇంకొకాయన ఆయన్ని చూసొస్తానని లేచాడు. గంట గడిచేసరికి తొమ్మిదిమంది మిగిలారు. కమలాబాయి గురక పెడుతోంది. కస్తూరి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఎవరో కత్తితో పొడిచారు, ఎవరో తుళ్ళిపడ్డారు, ఆవిడ తుళ్ళిపడలేదు. ఆయన ముక్కని కత్తిరించి పారేశారేమో అనిపించింది. గుంపులో మనిషే కదా. పారేస్తే అడిగేదెవరు?

రిషిత ఫోను వణికింది. కమ్యూనిటీ హాల్లో వంటగది తాళంచెవి రిషిత సంచీలో ఉండిపోయిందట. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారట. "అమ్మా, టూ మినిట్స్. పరిగెత్తుకొచ్చేస్తా" అని లేచింది.

తను అటు వెళ్ళిందో లేదో, తెల్లసూటు పెద్దాయన చైనా హోటల్లో వచ్చి కూర్చున్నాడు. డానీని ఎదురుగా నిలబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు. నమ్మకం గురించి. సినిమా మొత్తంలో అంతకంటే దరిద్రమైన ముక్క ఇంకోటి లేదు. తన తాత దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. కెమెరా కదల్లేదు, ఆయన నోరు ఆగలేదు.

ఆయన ఎడమ భుజం వెనకాల, మసకమసకగా, ఐదో టేబుల్.

కస్తూరి ముందు పోల్చుకుంది స్వెట్టర్ని. మోచేతి దగ్గర తను కుట్టిన నీలం స్వెట్టరు. పైన తల. ఆ తలని ఆవిడ ఎక్కడైనా గుర్తుపడుతుంది. హోటల్లో చుట్టూ అందరూ తింటున్నారు. గిన్నెలెత్తుతున్నారు, దించుతున్నారు, నవ్వుతున్నట్టు నటిస్తున్నారు. ఆయన తినడం లేదు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది, దాని వీపుకి ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు ఒకటి వేలాడుతోంది. భార్యగా వేసిన పంజాబీ ఆవిడ ఎక్కడికెళ్ళిందో, ఆవిణ్ణి వేరే చోట నిలబెట్టుకున్నారో ఏమో, ఇంకా వచ్చి కూర్చోలేదు. ఆయన కుడిచెయ్యి గిన్నె పక్కన బోర్లా ఉంది. మెడ పక్కకి, హోటల్ గుమ్మం వైపు తిరిగి ఉంది.

పెద్దాయన తాత అయిపోయి తండ్రి దగ్గరికొచ్చాడు. వెనకాల ఐదో టేబుల్ మనిషి ఉలిక్కిపడి కెమెరా వైపు చూశాడు. ఎవరో కసిరినట్టున్నారు. తల ఊపాడు. చెంచా తీశాడు. ఎదురు కుర్చీ వైపు ఒకసారి చూసి, చెంచా దించేశాడు. చెయ్యి మళ్ళీ బోర్లా పెట్టుకున్నాడు. మళ్ళీ మెడ తిప్పాడు. ఇంకో సినిమా అయితే ఆ తప్పుని కోసి పారేసేవాళ్ళు. వీళ్ళకి ఆ శ్రద్ధ కూడా లేకపోబట్టి ఆయన మిగిలాడు.

తిట్లు ఎందుకు తిన్నాడో కస్తూరికి తెలిసింది. చూడంగానే తెలిసింది.

"మీరు తినండి" అంది ఆవిడ పైకే. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నేను తర్వాత తింటాను."

ఆయన తినలేదు. గుమ్మం వైపే చూస్తున్నాడు. పెద్దాయన ముందుకి వంగి డానీ చెంప పగలగొట్టాడు, బొమ్మ మారిపోయింది.

"యాడ? యాడున్నడు అక్కా?" చక్రి ఫోనులోంచి తల ఎత్తి గాభరాగా లేచి నిలబడ్డాడు.

"వెళ్ళిపోయారు" అంది కస్తూరి.

వాడు ఆగలేక జేబులో చెయ్యి పెట్టి గుప్పెళ్ళు రెండూ విసిరేశాడు. అప్పటికి తెరమీద వానలో డానీని పొడుస్తున్నారు. రంగుకాగితాలు కస్తూరి నెత్తిమీద పడ్డాయి. ఆవిడ దులుపుకోలేదు. సినిమా చివర పేర్లన్నీ పోయేదాకా కూర్చుంది. గుంపు మనుషుల పేర్లు వెయ్యరట. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

రిషిత రొప్పుతూ తిరిగొచ్చేసరికి దీపాలు వేసేశారు. తల్లి జుట్టులో కాగితాలు చూసి మొహం పాలిపోయింది. "నాన్న వచ్చాడా? డిడ్ ఐ మిస్ హిమ్?"

"ఐదో టేబుల్ దగ్గర కూర్చున్నారు."

"ఏం చేశాడు?"

"ఏం చెయ్యలా. అందరూ తింటంటే తినకుండా కూర్చున్నారు. ఎదురు కుర్చీలో మనిషి ఇంకా రాలా."

రిషిత ఆ బల్ల దగ్గర పెరిగిన పిల్ల. వివరించి చెప్పాల్సిన పనిలేదు. తల్లి జుట్టులోంచి ఒక్కో కాగితం ముక్కా ఏరడం మొదలుపెట్టింది.

కమ్యూనిటీ హాల్లో ఫ్లెక్సీ కట్టేసి ఉంది, ఒక మూల ఊడి వేలాడుతోంది. పిల్లలు దాని కింద పరుగులు తీస్తున్నారు. సినిమా బాగోలేదని అందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి కస్తూరికి క్షమాపణ చెబుతున్నట్టు చెప్పారు, అదేదో ఆవిడ తీసినట్టు. కమలాబాయి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒక మడతకుర్చీలో కూర్చోబెట్టింది. ముందు బల్ల ఉంది. కస్తూరి కూర్చుంది.

రిషిత వడ్డనలో పడింది. ఏడుపు ఆపుకోవాలంటే తనకి ఏదో ఒక పని కావాలి. తల్లి ముందు బిర్యానీ కంచం పెట్టి, మొహం అటు తిప్పుకుని అంది. "నువ్వు తిను అమ్మా. నేను తర్వాత తింటా."

అని వంటగది వైపు వెళ్ళిపోయింది.

కస్తూరి అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు తను అన్న మాట. బల్లకి ఇటుపక్కన కూర్చుని వినడం ఇదే మొదలు. ఇటునుంచి వింటే ఎలా ఉంటుందో ఆవిడకి ఎప్పుడూ తెలియలేదు. కంచంలోంచి ఆవిరి లేస్తోంది. లవంగాలు, వేగిన ఉల్లిపాయ వాసన. వాసన తెలుస్తోంది.

"తిను బిడ్డా, సల్లారుతది" అంది కమలాబాయి, తను తింటూ.

"పిల్ల రానీయండి ఆంటీ."

పిల్ల రాలేదు. చివరి వరసకి వడ్డించింది, పెరుగుపచ్చడి తెచ్చింది, చంటిదానికి పాలు వేడిచేసి ఇచ్చింది. వంటగది గుమ్మంలో నుంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. కస్తూరి మెడ తిప్పి ఆ గుమ్మం వైపే చూస్తోంది. కుడిచెయ్యి కంచం పక్కన ఎప్పుడు పెట్టుకుందో ఆవిడకే తెలియదు. ఎంతసేపు! ఇంతసేపా ఆయన రోజూ కూర్చుంది? ఒక్కరోజన్నా కేకెయ్యలేదే!

గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చిన రిషిత అక్కడే ఆగిపోయింది. చల్లారిన కంచం, బోర్లాపెట్టిన చెయ్యి, తిరిగిన మెడ. ఆ కూర్చోవడం తనకి బాగా తెలుసు. సినిమాలో తను చూడలేకపోయింది అదే.

"వై ఆర్ యూ నాట్ ఈటింగ్, అమ్మా?" అంది.

"నువ్వు కూర్చుంటే గానీ నేను తినను" అంది కస్తూరి.

రిషిత గిన్నె పక్కన పెట్టి వచ్చింది. ఎదురుగా ఉన్న మడతకుర్చీ లాక్కుంది. నేలమీద కీచుమని చప్పుడైంది. ఆ చప్పుడుకి కస్తూరి చెయ్యి కదిలింది. మొదటి ముద్ద కలిపి ఎత్తింది గానీ నోటిదాకా వెళ్ళలేదు. ఏడుపొచ్చేసింది. చక్రి పరుగెత్తుకొచ్చాడు, పిల్లలు ఆగిపోయారు, ఎవరో నీళ్ళు తెండి అన్నారు. కస్తూరి ముద్ద కింద పెట్టకుండానే ఏడ్చింది.